వేడినీళ్లు వద్దన్న ఉదయం

ఒళ్లో ఉంటే కాలు వదులవుతుంది, ఇది ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు, తన తొడల వేడి తనకే తెలుస్తోంది, చీర లోంచి పాకి, పిల్ల గౌను లోంచి పాకి, ఆ చిన్న మోకాలి లోపలికి మెల్లగా దిగుతోంది, గడ్డకట్టిన నెయ్యి పొయ్యి పక్కన పెడితే అంచుల దగ్గర కరగడం మొదలైనట్టు. డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. లేచింది లేచినట్టు తీసుకురండి, వేడినీళ్లు వద్దు, రుద్దడం వద్దు, కాలు బిగుసుకుని ఉండగానే చూడాలి, మామూలు పేషెంట్ల కంటే ముందు వస్తాను అంది. వీళ్లు వచ్చేశారు, ఆవిడ రాలేదు. తలుపు మూసి ఉంది, తలుపు మీద కాగితం బొమ్మ, నవ్వుతున్న ఏనుగు, దాని తొండం దగ్గర ఎవరి పిల్లలో గోకేశారు. ఇనప బెంచీ వరసగా గోడ చివరిదాకా ఉంది, ఒక్క మనిషి లేడు, తుడిచేవాడు తుడిచి పోయిన తడి ఇంకా ఆరలేదు, మందు నీళ్ల వాసన. చిన్నది నిద్రపోయింది. ఇంట్లో దాన్ని పిచిక అంటారు, ఎప్పుడూ ఒక చోట వాలి ఉండదని. ఇప్పుడు వాలింది, తల అమ్మ చంక కింద దూర్చుకుని, నోరు కొంచెం తెరుచుకుని, మోకాలు మాత్రం మడతలోనే, నిద్రలో కూడా చాపలేదు. నిద్రలో పిల్లలు కాళ్లు బార్లా చాపేస్తారు కదా, పెద్దది కూడా అప్పుడు ఇలాగే మడిచి పడుకునేది, చలేమో అనుకుని దుప్పటి కప్పేది తను, దుప్పటి మీద దుప్పటి. వద్దు, పెద్దదాని సంగతి ఇప్పుడొద్దు. ఆవిడ ఎందుకు రాలేదు, కారు చెడిపోయిందా, ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చిందా, ప్రాణం మీదికి వచ్చిన పిల్లాడెవడో పైన ఏ గదిలోనో ఉండి ఉంటాడు, వాళ్లమ్మ కూడా ఇలాంటి బెంచీ మీదే కూర్చుని ఉంటుంది. ఎక్కడ ఏ తల్లి కూర్చున్నా ఆ బెంచీ తనకోసం కూడా వేసి ఉంచారనే అనిపిస్తుంది ఆమెకి, ఈ పూట కాకపోతే రేపు, రేపు కాకపోతే ఆ మర్నాడు.

రోజూ ఈపాటికి తువ్వాలు పని అయిపోయేది. అందరికంటే ముందు లేచి, నీళ్లు కాచి, పాత తువ్వాలు ముంచి, చేతులు కాలుతుండగా పిండి, నిద్రలో ఉన్న పిచికని ఎత్తుకొచ్చి వంటింట్లో పీట మీద కూర్చోబెట్టి, మోకాలి చుట్టూ చుట్టేది. చల్లారగానే మళ్లీ ముంచడం, మళ్లీ పిండడం. పిల్ల మొదట్లో మూలిగేది, తరవాత అలవాటు పడి ఆవులించేది. కీలు వదిలాక బొటనవేలితో చిప్ప చుట్టూ గుండ్రంగా రుద్దడం, బట్టల ఫ్యాక్టరీలో చొక్కా కాజా చుట్టూ దారం సర్దినట్టు, అంత జాగ్రత్తగా, ఆ పనిలో ఆమె వేలికి పేరుంది, సూపర్‌వైజరు కొత్త పిల్లల్ని తెచ్చి ఆమె పక్కన నిలబెట్టి చూడమంటాడు. అప్పుడు పిల్లని దింపి, పొయ్యి దగ్గర్నించి గుమ్మం దాకా నడు అనేది. పిచిక నడిచేది. గుమ్మం దగ్గర తిరిగి, అమ్మ మొహం చూసేది. బంగారు తల్లి, ఎంత బాగా నడిచావు, అనేది ఆమె, అని గుండెల మీద చెయ్యి వేసుకునేది. గుమ్మం దాకా నడిచిన కాలుకి జబ్బేమిటి. జబ్బున్న కాలు అలా నడుస్తుందా. వంకరగా పడుకుని ఉంటుంది, పిల్లలకి కాళ్లు పట్టెయ్యవా, తనకే ఫ్యాక్టరీ నించి వస్తే పట్టేస్తాయి. అలా ఒక ఉదయం గట్టెక్కేది, ఇంకో ఉదయం గట్టెక్కేది. కుంటు చూసిన రోజున మాత్రం తట్టుకోలేక పొయ్యి వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకునేది, తను ఏడ్చినట్టు పిల్లకి తెలియదనే అనుకునేది.

పెద్దదానికి ముందు బెణికిందన్నారు. మెట్ల మీంచి దూకిందేమో అన్నారు, కట్టు కట్టారు, వానలు మొదలై వానలు ఆగేదాకా ఆ కట్టు మార్చి మార్చి కట్టారు. ఎదిగే పిల్లలకి నొప్పులు మామూలే అని ఒక డాక్టరు. బడికి ఎగనామం పెట్టడానికి వేషాలు అని వాళ్ల నాన్న, అన్నందుకు ఆ మనిషి ఇప్పటికీ వ్యాను నడుపుతూ నడుపుతూ హఠాత్తుగా పక్కకి ఆపి కూర్చుంటాడట, తోటి డ్రైవరు చెప్పాడు. ఈ డాక్టరమ్మ దగ్గరికి వచ్చేసరికి మోకాలు పూర్తిగా చాచడం మానేసింది. కీళ్లవాతం అంది. ముసలాళ్ల జబ్బు కదండీ అది అంది తను, ఆవిడ నవ్వలేదు. పిల్లలకి వచ్చేది వేరే అమ్మా, ఒంట్లో కాపలా ఉండాల్సిన సైన్యమే కీళ్ల మీద పడుతుంది, ఇంకా ముందే తెచ్చి ఉంటే బాగుండేది అంది. ముందే. ఆ ఒక్క మాట ఒంట్లో ముల్లులా ఉండిపోయింది, పడుకుంటే ఒక పక్క, లేస్తే ఒక పక్క. ఇప్పుడు పెద్దదానికి వారానికోసారి సూది. మందు పసుప్పచ్చగా ఉంటుంది, అది చూసి చూసి, పసుప్పచ్చ గౌను చూసినా, అరటిపండు చూసినా డోక్కుంటుంది పిల్ల. ఆ జబ్బు కళ్లకి పాకుతుందట, నొప్పి లేకుండా, ఎరుపు లేకుండా, చడీచప్పుడు లేకుండా చూపు తినేస్తుందట, అందుకని మిషన్ మీద గడ్డం ఆనించి, లైటు లోపలికి వేసి చూస్తారు. రెప్ప వెయ్యకు తల్లీ అంటాడు కళ్ల డాక్టరు. పిల్ల వెయ్యదు. రెప్ప వెయ్యనిది తను కూడా, అయ్యేదాకా.

ఈ ఇంట్లో ఇంకొకరికి ఆ సూది. ఇంకో మోకాలు. కాదు, కాకూడదు, దేవుడు అంత పగబట్టినట్టు చెయ్యడు, చేస్తాడు, ఎందుకు చెయ్యడు, ఎవరికి చెయ్యలేదు కనక.

అత్తగారు డాక్టరమ్మ ఎక్కడుందో కనుక్కొస్తానని కిందికి వెళ్లింది. కనుక్కోవడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో పనిచేసి రిటైరైన మనిషి, ఇప్పటికీ ఎవరు పిలిచినా 'చెప్పండి' అంటుంది, కొడుకు పిలిచినా సరే, అవతలివాళ్లు నసిగితే లైను కోసేసినట్టు మొహం తిప్పేసుకుంటుంది. పెద్దదానికి జబ్బు తేలిన రోజు ఇంట్లో అందరూ గోడలకి ఆనుకుని ఉంటే ఆవిడ ఒక్క మాట అంది, మా వైపు ఇలాంటిది ఎవరికీ లేదమ్మా. తిట్టలేదు, గొంతు పెంచలేదు, రాంగ్ నంబరండీ అన్నంత మామూలుగా అంది. ఆ మాట అన్నం దగ్గర కూర్చుంది, మంచం మీద పడుకుంది, ఫ్యాక్టరీలో మిషన్ ఎదురుగా కూర్చుంది. తను తమ వైపు అందర్నీ లోపల వరసలో నిలబెట్టి కాళ్లు చూసుకుంది. అమ్మ కాళ్లు, చచ్చిపోయిన నాన్న కాళ్లు, పెళ్లిలో మేనత్త మెట్లు దిగడానికి ఎందుకు ఆలస్యం చేసింది, చెప్పులు కొత్తవనా, లేక. ఎనిమిదో క్లాసుతో చదువు ఆగిపోయిన తనకి ఏం తెలుసు ఏది ఎక్కడినించి వస్తుందో. గర్భంతో ఉండగా తిన్న మాత్ర, మోసిన బిందె, ఏడ్చిన ఏడుపు, అన్నిటినీ ఒక్కొక్కటిగా తీసి వెలుగులో పెట్టి చూసుకుంది, ఏదీ కారణం కాదనే ధైర్యం రాలేదు.

అత్తగారు చదువుకి వెళ్లడం మొదలెట్టింది ఆ తరవాతే. కాలేజీ వాళ్లు రిటైరైనవాళ్లకి పొద్దున్న పూట క్లాసులు పెట్టారు, కుర్రాళ్లు వచ్చేలోపు ఖాళీగా ఉండే గదుల్లో. పాట నేర్చుకుంటానని చేరి, పక్కావిడ అపస్వరం భరించలేక బయటికొచ్చి, ఆరోగ్యం వంశపారంపర్యం అనే క్లాసులో కూర్చుంది. సాయంత్రాలు పిల్లలకి ఆ క్లాసు కథలు చెప్పి నవ్వించేది. ముందు వరసలో బ్యాంకు ఆఫీసరు ఉంటాడట, పంతులమ్మ ఏం చెప్పినా 'నేను విన్నది వేరు' అంటాడట. వెనక ఒక రిటైర్డు హెడ్మిస్ట్రెసు, ఎవరూ అడక్కపోయినా రోజూ హాజరు పిలుస్తుందట, రానివాళ్ల ఇంటికి ఫోను చేసి కారణం అడుగుతుందట. పాఠం చెప్పే పిల్లకి ఇంకా పెళ్లి కూడా కాలేదు, మనవళ్లున్నవాళ్లకి వంశం గురించి చెబుతోంది అని అత్తగారి ఎత్తిపొడుపు. అయినా ఒక్క రోజు మానలేదు. ఎందుకు మానలేదో తనకి తెలుసు. ఆ ప్రశ్న అడగడానికి వెళుతోంది. ఏ వైపు నించి వచ్చింది, అదొక్కటి తేల్చుకుని, కాగితం మీద రాజముద్ర వేయించుకుని ఇంటికి తెస్తుంది. ఆ రోజు ఎప్పుడొస్తుందా అని తను కాజాలు కుడుతూ ఎదురు చూసింది, కోర్టు తీర్పు కోసం ఎదురు చూసినట్టు.

వచ్చింది. ఆ రోజు అత్తగారు చెప్పులు విప్పి, మంచినీళ్లు అడక్కుండా, కోడలి గుండీల డబ్బా తెచ్చి నేల మీద బోర్లించింది.

"ఇలా రా అమ్మాయ్. కూర్చో. ఇవాళ మా చేత ఇదే చేయించింది ఆ పిల్ల. ఎర్రవి జబ్బు వైపు మొగ్గేవి అనుకో. తెల్లవి మామూలువి. నీ గుప్పిట్లో కొన్ని ఎర్రవి, మావాడి గుప్పిట్లో కొన్ని. అందరి గుప్పిట్లోనూ ఉంటాయట, ఆ బ్యాంకాయన గుప్పిట్లో కూడా. బిడ్డకి ఇద్దరూ చెరి కాసిని పోస్తారు, కళ్లు మూసుకుని."

"అయితే నా వైపు నించేనా అత్తయ్యా."

"చెవులు ఎక్కడ పెట్టావే. ఇద్దరి వైపు నించీ. ఎర్రవి ఎక్కువ పడ్డా అందరికీ జబ్బు రాదట, బయటినించి ఇంకేదో తగలాలి, జ్వరమో మరోటో, అది ఏమిటో వాళ్లకీ పూర్తిగా తెలీదట. అక్కకి వస్తే చెల్లికి రావాలని కూడా లేదు, చాలా ఇళ్లల్లో రాదంది."

చాలా ఇళ్లల్లో. అన్ని ఇళ్లల్లో అనలేదు ఆ పంతులమ్మ. ఆ చిన్న సందు లోంచి చల్లగాలి అప్పుడే దూరింది లోపలికి. అత్తగారు మాత్రం గుండీలు ఏరుతూ ఏరుతూ ఆగిపోయింది, ఒక ఎర్ర గుండీ అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. మా తమ్ముడొకడు ఉండేవాడు, అంది. కాలు ఈడ్చేవాడు. గోడ మీంచి పడ్డాడని మా అమ్మ అందరికీ చెప్పింది. ఏ గోడో నేను ఎప్పుడూ చూడలేదు. పడ్డాడంటే పిల్లనిస్తారు, జబ్బంటే ఇవ్వరు కదా. పొద్దున్నే వాడికి వేడినీళ్లు కాచి పోసేది, ఎవరూ లేవకముందే. వాడు ముప్పై దాటలేదు. అని, గుండీ డబ్బాలో వేసి మూత పెట్టి, నీళ్లియ్యి అంది. క్షమించమని అనలేదు, ఆవిడ నోటికి ఆ మాట తిరగదు, ఆ పూట అన్నం మాత్రం కోడలికి ముందు వడ్డించింది. తనకి అన్నం దిగలేదు. ఎవరూ లేవకముందే అన్న మాట దగ్గరే ఉండిపోయింది. అప్పటికే తువ్వాలు మొదలైంది కదా.

ఎన్నాళ్లు దాస్తుంది. కిందటిసారి పెద్దదాన్ని చూపించడానికి వచ్చినప్పుడు, చిన్నదాన్ని కూడా ఓసారి చూడండి అంది తనే, నోరు జారినట్టు. నిజానికి జబ్బు లేదు అనిపించుకుందామనే. పొద్దున్న తువ్వాలు పెట్టి, రుద్ది, వేడినీళ్ల స్నానం చేయించి, సుబ్బరంగా నడిపించి తెచ్చింది. పిచిక డాక్టరమ్మ గదిలో ఆ చివర నించి ఈ చివరకి నడిచింది, కళ్లు అమ్మ మీదే పెట్టి, వంటింట్లో లాగే. నాకు ఇప్పుడైతే ఏమీ పెద్దగా దొరకడం లేదు, పొద్దున్న పూట ఎలా లేస్తుందో గమనించండి, అంది డాక్టరమ్మ. ఏమీ దొరకడం లేదు అన్నంతవరకే విని ఇంటికి వచ్చింది తను. దార్లో పిల్లలిద్దరికీ బెలూన్లు కొంది, పసుప్పచ్చది పక్కన పెట్టెయ్యమని అమ్మేవాడికి చెప్పి. ఆ వారం పొడుగునా ఫ్యాక్టరీలో కూనిరాగం తీసింది. తరవాత ఒక ఉదయం తువ్వాలు పిండుతుంటే వెనక అత్తగారు నిలబడి ఉంది, జడ ఇంకా వేసుకోకుండా. ఎన్నాళ్ల నించే, అంది. చలికి అత్తయ్యా, ఊరికే, అంది తను. గోడ మీంచి పడిందని చెబుదామా, అంది ఆవిడ. అంతే. ఆ సాయంత్రమే డాక్టరమ్మకి ఫోను చేసింది, ఎక్స్‌చేంజి గొంతుతో, దాచింది కోడలని అనకుండా, ఇంట్లో మేము పొరపాటు చేశాం డాక్టరుగారూ అని.

కాలు వెచ్చబడుతోంది. చూస్తూ ఉండగానే మడత కొంచెం విచ్చుకుంది, మడమ జారి బెంచీ అంచుకి తగిలింది. ఇంకాసేపు ఇలాగే ఉంటే చాలు, తను ఏమీ చెయ్యక్కర్లేదు, కూర్చుంటే చాలు, ఒడి తనంతట అదే పని కానిస్తుంది. ఆలస్యం చేసింది డాక్టరు, నేను రుద్దానా, నేను వేడినీళ్లు పెట్టానా, పిల్ల ఒళ్లో నిద్రపోతే లేపుతానా. డాక్టరమ్మ వస్తుంది, నడవమంటుంది, నడుస్తుంది, ఏమీ దొరకలేదు అంటుంది. ఇంకో నెల. సూది లేని నెల, డోకు లేని నెల. పిచికకి అరటిపండంటే ప్రాణం. ఆమె చెయ్యి పిల్ల మోకాలి మీద ఉంది, ఎప్పుడు పెట్టిందో, బొటనవేలు కదులుతోంది కూడా, చిప్ప చుట్టూ, గుండ్రంగా, కాజా చుట్టినట్టు. వేలు ఆపింది. వేలికింద వాపు ఉంది, పిండి ముద్ద లాంటి మెత్తని వాపు, ఇన్నాళ్లూ రుద్దిన వేలికి తెలియకనా. పెద్దదాని మోకాలికి కూడా ఇదే మెత్తదనం ఉండేది, తరవాత పోయింది, పోయి గట్టిపడింది, గట్టిపడి అలాగే నిలిచిపోయింది. ముందే తెచ్చి ఉంటే. ఆ మాట రెండోసారి వినాలి, ఈసారి అది తెలియక జరిగింది కాదు. గోడ మీంచి పడ్డాడట. ఏ గోడ. ఎవరు కట్టారు. రోజూ ఒక్కో తువ్వాలు పేర్చుకుంటూ తనూ కడుతోంది కదా, పిల్ల ఎక్కి పడేంత ఎత్తు.

ఆమె పిచికని ఒళ్లోంచి ఎత్తి బెంచీ మీద పడుకోబెట్టింది.

ఇనుము చలికి పిల్ల ఒక్కసారి ముడుచుకుంది. కళ్లు తెరవకుండానే చేతులు చాపింది. "ఒళ్లో," అంది. "వద్దు నాన్నా." "ఒళ్లోనే." "డాక్టరాంటీ వచ్చాక." పిల్ల వెక్కడం మొదలెట్టింది, గట్టిగా కాదు, ఇంట్లో అక్క పడుకుని ఉన్నప్పుడు ఏడ్చినట్టు, లోపలికి. ఆమె తన చేతులు రెండూ తన పిరుదుల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చుంది. పాలిచ్చిన రోజుల్లో పిల్ల పక్క గదిలో ఏడిస్తే రవిక తడిసిపోయేది, ఇప్పుడు ఒంట్లో అలాంటిదే ఏదో పొంగి, పోవడానికి చోటు లేక గొంతులోకి వస్తోంది. మోకాలు మళ్లీ మెల్లగా మడత పడింది. పిల్ల చలితో, నొప్పితో మళ్లీ బిగుసుకుంటుంటే చూస్తూ కూర్చున్న తల్లి ఇంకెక్కడైనా ఉంటుందా, ఉంటే ఆవిడకి రాత్రిళ్లు నిద్ర ఎలా పడుతుంది.

అత్తగారు మెట్లెక్కి వచ్చింది, ఆయాసపడుతూ. వస్తోందట, పైన ఒక కేసు చూసి దిగుతోందట, అంది. బెంచీ మీద పిల్లని చూసింది, కోడలు చేతుల మీద కూర్చుని ఉండడం చూసింది. భుజం మీంచి శాలువా తీసి పిల్ల కాళ్ల మీద కప్పబోయింది. సగంలో ఆగింది. శాలువాని మళ్లీ మడిచి, తన ఒళ్లో పెట్టుకుని, పిల్లకి అటువైపు కూర్చుంది. ఇద్దరి మధ్యా పిల్ల వెక్కుతూ ఉంది. ఇద్దరూ ఎదురుగా ఉన్న ఏనుగు బొమ్మని చూశారు. ఏ గుప్పిట్లోంచి ఎన్ని ఎర్రవి పడ్డాయో ఇంక ఒకరినొకరు అడిగేది లేదు.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ అటువైపు నించి వచ్చినట్టుంది, జుట్టు చెదిరి, కళ్ల కింద నలుపుతో. "ఆలస్యమైంది, ఏమనుకోకండి. ఎత్తుకోవద్దమ్మా. తనంతట తనే నడిచి రానివ్వండి."

ఆమె పిల్లని లేపి నిలబెట్టి చెయ్యి వదిలేసింది. పిచిక ముక్కు ఎగబీల్చింది. గుమ్మం చూసింది, అమ్మని చూసింది. ఆమెకి ఆ చూపు తెలుసు, రోజూ పొయ్యి దగ్గర చూసే చూపే. పిల్ల గడ్డం ఎత్తింది. పళ్లు బిగించి, కింది పెదవి లోపలికి లాక్కుని, ఒక అడుగు వేసింది, తిన్నగా. ఇంకొకటి వేసింది, తిన్నగా, మోకాలు కదలనివ్వకుండా తుంటి నించి కాలు తిప్పి, ఎవరికీ తెలియకుండా, నాలుగేళ్లు నిండని పిల్ల. ఎవరు నేర్పారు దీనికి ఈ నడక. డాక్టరమ్మ తల ఒక పక్కకి వంచి చూస్తోంది. నోరు మూసుకుంటే చాలు. ఇంకో నాలుగడుగులు.

"పిచికా," అంది ఆమె. "అమ్మ కోసం బాగా నడవకు తల్లీ. ఎలా వస్తే అలా నడు."

పిల్ల ఆగి వెనక్కి తిరిగింది. కళ్లల్లో అనుమానం.

"కుంటితే ఏడుస్తావుగా."

అత్తగారి చెయ్యి వచ్చి ఆమె మోచేతిని పట్టుకుంది, బిగించలేదు, ఊరికే పట్టుకుంది.

"ఏడవను."

పిచిక కాసేపు ఆ మొహాన్ని పరీక్షగా చూసింది, నమ్మొచ్చా లేదా అన్నట్టు. తరవాత గడ్డం దించేసింది. మోకాలు దాని ఇష్టానికి దాన్ని వదిలేసింది. ఒక చెయ్యి గోడకి ఆనించి, మడమ నేలకి తగలకుండా, ఒళ్లంతా ఒక పక్కకి పడుతూ లేస్తూ, పెద్దది ఆ వానాకాలంలో నడిచిన నడకే, అడుగు తీసి అడుగు వేసినట్టు అచ్చంగా అదే, ఏనుగు బొమ్మ దాకా నడిచింది. నడిచి, గుమ్మం పట్టుకుని, అలవాటు చొప్పున తిరిగి చూసింది.

"బంగారు తల్లి," అంది ఆమె, పొయ్యి దగ్గర రోజూ అనే గొంతుతోనే, పొడి కళ్లతో. "ఎంత బాగా నడిచావు."